సెలవుల బడి తలకిందులైన వైనం

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సెలవుల్లో పెట్టే తరగతులు ఇవాళ అమెరికాలో రెండు రకాలుగా కనిపిస్తాయి. పరీక్ష తప్పిన పిల్లవాడికి ఒక రకం: పొద్దున లెక్కలు, తర్వాత పాఠం చదవడం, మళ్లీ లెక్కలు, చివర మళ్లీ అదే పరీక్ష. డబ్బూ తీరికా ఉన్న ఇంటి పిల్లవాడికి ఇంకో రకం: రోబోలు చేయడం, నాటకం వేయడం, నక్షత్రాల లెక్కలు, విశ్వవిద్యాలయం హాస్టల్లో మూడు వారాల మకాం. మొదటిది అవసరమనీ, రెండోది ఉన్నవాళ్ల ముచ్చటనీ అనుకోవడం అందరికీ అలవాటైపోయింది. చరిత్ర మాత్రం ఇందుకు పూర్తిగా ఎదురు చెబుతోంది. అమెరికా నగరాల్లో సెలవుల బడి పుట్టిందే పేద పిల్లల కోసం. ఆ బడిలో పాఠ్యపుస్తకం లేదు, మార్కులు లేవు, రాకపోతే శిక్ష లేదు. చేతిపని, పాట, బొమ్మలు గీయడం, అడవికి షికారు, ఇవే దాని పాఠాలు. రుద్దుడు చదువు చాలా తర్వాత వచ్చి ఆ పిల్లల వాటాకు చేరింది. మొదట వాళ్లదైనది డబ్బున్నవాళ్ల వాటాకు వెళ్లింది. ఈ తారుమారును ఎవరూ కుట్ర పన్ని చేయలేదు. ప్రతి మలుపులోనూ ఎవరో ఒక మంచి కారణమే చెప్పారు. అందుకే ఈ చరిత్రను కాస్త నిదానంగా చూడాలి.

ముందు సెలవుల సంగతి. అమెరికాలో వేసవి సెలవులు వ్యవసాయం వల్ల వచ్చాయనీ, పొలం పనుల్లో సాయానికి పిల్లలు కావాలి కాబట్టి బళ్లు మూసేవారనీ అక్కడి నాయకులు కూడా తరచూ చెబుతుంటారు. సేద్యం తెలిసినవాడెవడూ ఈ మాట నమ్మడు. పొలంలో ఎక్కువ చేతులు కావలసింది విత్తేటప్పుడు, కోసేటప్పుడు. అక్కడ ఆ రెండూ వసంతంలోనూ శరత్తులోనూ వస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో పల్లె బళ్లు చలికాలంలో ఒక విడత, వేసవిలో ఒక విడత నడిచేవి. అంటే ఆ కథ ప్రకారం సెలవు కావలసిన కాలంలోనే బడి ఉండేది! నగరాల్లోనైతే ఏడాది పొడవునా నడిచేవి. 1842లో డెట్రాయిట్ బళ్లు 260 రోజులు పనిచేశాయి. అమెరికా వేసవి చదువుల మీద కెనెత్ గోల్డ్ 2002లో వెలువరించిన చరిత్ర గ్రంథం ఈ వ్యవసాయపు కథను తోసిపుచ్చింది. సంస్కర్తలు పల్లె బళ్ల కాలాన్ని పెంచారు, పట్నం బళ్ల కాలాన్ని తగ్గించారు. రెంటినీ ఒక తూకానికి తెచ్చే పనిలో నడివేసవి ఖాళీ అయింది. తగ్గించడానికి కారణాలు ఎక్కువగా వైద్యుల నుంచి వచ్చాయి. అతిగా చదివిస్తే పసిమెదడు దెబ్బతింటుందని ఎమరైయా బ్రిగమ్ అనే వైద్యుడు 1832లోనే పుస్తకం రాశారు. మసాచుసెట్స్‌లో ప్రభుత్వ బడులకు రూపం ఇచ్చిన హోరేస్ మన్ వంటివారు ఆ భయాన్ని తలకెత్తుకున్నారు. వేసవిలో గదులు ఉడికిపోవడం, కలిగిన కుటుంబాలు ఊరు విడిచి సముద్రతీరాలకూ కొండలకూ వెళ్లిపోవడం, పంతుళ్ల శిక్షణకు కాస్త వ్యవధి కావలసిరావడం కూడా కలిసొచ్చాయి. సెలవులు పుట్టింది పిల్లలకు చదువు ఎక్కువైపోయిందన్న భయంలోంచి. నూరేళ్లు తిరిగేసరికి అదే సెలవుల మీద దీనికి సరిగ్గా ఎదురైన భయం పుట్టుకొచ్చింది.

సెలవులైతే ఇచ్చారు గానీ, వెళ్లడానికి చోటు అందరికీ లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటికి న్యూయార్క్, షికాగో, బోస్టన్ నగరాల్లో ఐరోపా నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇరుకు గదుల్లో కిక్కిరిసి ఉండేవి. ఆ ఇళ్ల పిల్లలకు జూలై, ఆగస్టు నెలల్లో వీధి ఒక్కటే దిక్కు. బోస్టన్‌లో ఒక చర్చి 1866లో వీళ్ల కోసం సెలవుల బడి తెరిచింది. అమెరికాలో ఇలాంటివాటిలో మొదటిదిగా దీన్నే చెబుతారు. 1880ల మధ్యలో న్యూజెర్సీలోని న్యూఆర్క్ నగర పాఠశాలల బోర్డు సొంతంగా నడపడం మొదలుపెట్టింది. 1894లో న్యూయార్క్‌లో పేదల స్థితిగతుల మెరుగుదలకు పనిచేసే ఒక సంఘం ఆ పనికి దిగింది; నాలుగేళ్ల తర్వాత అక్కడి విద్యాబోర్డు వాటిని తన చేతిలోకి తీసుకుంది. షికాగోలో 1896లో పౌరసమాఖ్య ఒక బడితో మొదలుపెట్టగా, తర్వాత నగరంలోని మహిళా సంఘాలు చందాలు పోగుచేసి వాటిని పెంచాయి. వడ్రంగం, బుట్టల అల్లిక, కుట్టుపని, వంట, బొమ్మలు, సంగీతం, కసరత్తు, చెట్టూ పుట్టా పురుగూ గురించి తెలుసుకోవడం, ఇదీ వాటి పాఠ్యప్రణాళిక. రమ్మని ఎవరూ బలవంతం చేయకపోయినా పిల్లలు వచ్చేవారు. చోటు చాలక ఎంతోమందిని గుమ్మం దగ్గరి నుంచే తిప్పి పంపేవారు.

షికాగో బళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో ఆ నగరం మళ్లీ వస్తుంది. అక్కడ ఈ ఉద్యమాన్ని ముందుండి నడిపినవారిలో సేడీ అమెరికన్ ఒకరు. ఆమె ఇంటిపేరే అది. 1898లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీలో ఆమె సెలవుల బళ్ల ఉద్యమం గురించి వ్యాసం రాశారు. ఆ బళ్లకు అడవి షికార్లు ప్రాణం. పిల్లలను రైలెక్కించి ఊరి బయటికి, పొలాలకూ చెరువులకూ తీసుకెళ్లేవారు. వెళ్లే ముందు అక్కడ ఏం చూడబోతున్నారో చెప్పేవారు, వచ్చాక చూసినదాన్ని గీయించేవారు, మట్టితో చేయించేవారు, దాని గురించి మాట్లాడించేవారు. ఇది కాలక్షేపానికి పెట్టిన విహారం కాదు. పాఠం మొత్తాన్ని ఒక ప్రత్యక్షానుభవం చుట్టూ అల్లడం అన్నమాట. సరిగ్గా అదే 1896లో అదే షికాగోలో, విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ డ్యూయీ తన ప్రయోగశాల పాఠశాలను ప్రారంభించారు. ఆచార్యుల పిల్లలు, వాళ్ల స్నేహితుల పిల్లలు అక్కడ వంట చేశారు, నేశారు, కొయ్యపని చేశారు; వాటి మీదుగా లెక్కలు, రసాయనశాస్త్రం, చరిత్ర నేర్చుకున్నారు. డ్యూయీ పాఠశాల ప్రపంచ విద్యాచరిత్రలోకి ఎక్కింది. అదే నగరంలో వలస కూలీల పిల్లలకు వేసవిలో దాదాపు అదే పద్ధతిలో చెప్పిన సంగతి అందులో అధోజ్ఞాపికగానైనా అరుదుగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికపాటిది కాదు. ఆ బళ్లు పెట్టినవాళ్ల మనసులో పిల్లల వికాసం కంటే వీధుల భద్రత ఎక్కువగా ఉంది కదా, వేసవిలో పిల్లల నేరాలు పెరుగుతాయన్న మాట వాళ్ల రాతల్లో పదేపదే వస్తుంది కదా, వలస పిల్లలను ‘అమెరికన్లుగా’ మలచాలన్న ఆత్రం అందులో ఉంది కదా, పైగా కూలివాళ్ల పిల్లలకు వడ్రంగం, కుట్టుపని నేర్పడమంటే మీరు ఇంతకుమించి ఎదగరని చెప్పడమే కదా అని. మొదటి మూడూ నిజమే. ఆ దాతలు సాధుసంతులేమీ కారు. నాలుగోది మాత్రం నిలవదు. ఆచార్యుల పిల్లలు కూడా కొయ్యపని చేశారని ఇప్పుడే చూశాం. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. 1881లో న్యూహాంప్‌షైర్‌లోని ఒక సరస్సు దీవిలో ఎర్నెస్ట్ బాల్చ్ అనే యువకుడు షొకోరువా శిబిరం పెట్టారు. వేసవి హోటళ్లలో నౌకర్ల సేవలతో బద్ధకంగా గడిపే ధనికుల కొడుకుల కోసం పెట్టిన శిబిరం అది. ఆ అబ్బాయిలు తమ వంట తామే చేసుకోవాలి, అంట్లు తామే తోముకోవాలి, పడవలు తామే బాగుచేసుకోవాలి. అంటే ఆ తరం అమెరికా ధనికుడి బిడ్డకూ పేదవాడి బిడ్డకూ వేసవిలో ఒకే రకమైన మందు రాసింది: చేతులకు పని, కళ్లకు ప్రకృతి, పుస్తకానికి సెలవు. ఉద్దేశాలు వేరైనా పాఠం దాదాపు ఒకటే. ఇరవయ్యో శతాబ్దం విడదీసింది ఈ పాఠాన్నే.

విడదీసే పని లెక్కల పుస్తకంతో మొదలైంది. రసెల్ సేజ్ ఫౌండేషన్‌లో పనిచేసిన లియొనార్డ్ ఎయర్స్ 1909లో బడుల్లో వెనకబడ్డ పిల్లల గురించి ఒక పుస్తకం ప్రచురించారు. ఒకే తరగతిని రెండోసారి చదివే పిల్లలు నగరాల్లో ఎంతమంది ఉన్నారు, ఒకే పాఠానికి రెండుసార్లు ఖర్చు పెట్టడం వల్ల పన్ను కట్టేవాడి డబ్బు ఎంత వృథా అవుతోంది అన్నవి అందులో లెక్కకట్టారు. కర్మాగారాల్లో సామర్థ్యం అన్న మాట మంత్రంలా పనిచేస్తున్న రోజులవి. బోర్డుల సభ్యులకు దారి దొరికింది: తప్పిన పిల్లవాడిని వేసవిలో కూర్చోబెట్టి తప్పిన పాఠం పూర్తి చేయిస్తే ఏడాది ఖర్చు మిగులుతుంది. సెలవుల బళ్లు అప్పటికే దాతల చేతి నుంచి బోర్డుల చేతికి వచ్చి ఉన్నాయి. బోర్డు డబ్బు పెడితే లెక్క అడుగుతుంది. బుట్ట అల్లినదానికి లెక్క చెప్పలేం, పూర్తిచేసిన పాఠానికి చెప్పగలం. అలా 1910ల నుంచి అంకగణితం, వ్యాకరణం, పై తరగతికి అర్హత, హైస్కూల్లో క్రెడిట్లు సెలవుల బడిలోకి ఒక్కొక్కటిగా ప్రవేశించాయి. న్యూఆర్క్ నగరం మరింత ముందుకెళ్లి 1912లో వలస కుటుంబాలు ఎక్కువగా ఉన్న పేటల్లో ఏడాది పొడవునా నడిచే బళ్లే పెట్టింది. పనికి పోవలసిన వయసు వచ్చేలోపే పిల్లలు వీలైనన్ని తరగతులు దాటాలన్నది లక్ష్యం. ఆర్థికమాంద్యం నడుమ 1931లో వాటిని ఎత్తేశారు. తల్లిదండ్రులు అడిగిందీ క్రెడిట్లనే కదా అనవచ్చు. నిజమే, కూలివాడికి కొడుకు బడి ఒక ఏడాది ముందు ముగియడం చాలా పెద్ద విషయం. కానీ ఆ తల్లిదండ్రులకు రెండూ ఇస్తామని ఎవరూ చెప్పలేదు.

తర్వాతి మూడు దశాబ్దాలను త్వరగా దాటేయవచ్చు. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేసింది, అమెరికా ఉలిక్కిపడింది, మరుసటి ఏడాది జాతీయ రక్షణ విద్యాచట్టం వచ్చింది. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ 1959లో హైస్కూళ్ల మీద ఇచ్చిన నివేదిక ప్రతి చోటా ఫీజు లేని వేసవి బడి ఉండాలంది. తప్పినవాళ్లు మళ్లీ చదువుకోవడానికి మాత్రమే కాదు, చురుకైనవాళ్లు తమ పరిధి పెంచుకోవడానికి కూడా. ఈ రెండో భాగంతో ఒక కొత్త మనిషి వేసవి తరగతిలోకి అడుగుపెట్టాడు: తెలివైన విద్యార్థి, దేశానికి అవసరమైన కాబోయే శాస్త్రవేత్త. ఫీజు లేని బడిలోనే వెనకబడ్డవాడికీ ముందున్నవాడికీ చోటు ఉండాలన్న కోనంట్ ఆలోచనను మాత్రం దేశం పూర్తిగా పట్టించుకోలేదు.

ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన వేసవి 1964 నాటిది. మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి ప్రజల ఓటుహక్కు కోసం ఉద్యమం జరుగుతున్న ఆ ఏడాది, విద్యార్థి అహింసా సమన్వయ సంఘం కార్యకర్త చార్లెస్ కాబ్ ప్రతిపాదన మీద స్వేచ్ఛా పాఠశాలలు తెరుచుకున్నాయి. నలభై దాకా బళ్లు, రెండు వేలకు పైగా విద్యార్థులు. చర్చిలలో, ఇళ్ల వాకిళ్లలో, చెట్ల కింద నడిచాయి. రాష్ట్రం నడిపే వేరు బళ్లలో నల్ల పిల్లలకు దొరికేది పాత పుస్తకాలు, అరకొర చదువు. కాబట్టి ఆ వేసవిలో వాళ్లకు ముందు అక్షరదోషాలు దిద్దాలి, కూడికలు గట్టి చేయాలి అని ఎవరైనా అంటే అది సహజంగానే ఉండేది. నిర్వాహకులు చదవడం, రాయడం వదిలిపెట్టలేదు. కానీ నడుమ పెట్టింది మాత్రం నల్లవారి చరిత్ర, పౌరహక్కులు, ప్రశ్నలతో నడిచే చర్చ. వాటితో పాటు నాటకం, కవిత్వం, ఫ్రెంచి భాష, టైపింగ్. విద్యార్థులు సొంతంగా పత్రికలు నడిపారు. పత్రిక నడిపే పనిలోనే రాయడం నేర్చుకున్నారు. బెదిరింపులు, బాంబుదాడులు జరుగుతున్న చోట పిల్లలు ఇష్టంగా నడిచి వచ్చిన బడి అది. వెనకబడ్డ పిల్లలకు ముందు మొదటి మెట్టు, ఆ తర్వాతే మిగతావి అనేవారికి ఇంతకంటే గట్టి జవాబు అమెరికా చరిత్రలో లేదు. మరుసటి ఏడాది, 1965లో, ఫెడరల్ ప్రభుత్వం పేద ప్రాంతాల బళ్లకు నిధులిచ్చే చట్టం చేసింది. ఇంకా బడి ఈడు రాని చిన్నారుల కోసం హెడ్‌స్టార్ట్ కూడా ఆ వేసవిలోనే ఎనిమిది వారాల కార్యక్రమంగా మొదలైంది. నిధుల వెంట లోటు భర్తీ అన్న భావనా వచ్చింది. స్వేచ్ఛా పాఠశాల విద్యార్థిని ఆలోచించగల మనిషిగా చూసింది, కొత్త చట్టం అదే పిల్లవాడిని పూడ్చవలసిన లోటుగా చూసింది. డబ్బు చట్టం వైపే ఉంది.

ఇక రెండో పాయ, చదువులో ముందున్న పిల్లలది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త జూలియన్ స్టాన్లీ 1971లో గణితంలో అసాధారణ ప్రతిభ గల పిల్లల మీద అధ్యయనం ప్రారంభించారు. 1972 మార్చిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు కాలేజీ ప్రవేశానికి పెట్టే శాట్ గణిత పరీక్ష పెట్టారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు పదిహేడేళ్లవాళ్లను మించి మార్కులు తెచ్చుకోవడం చూసి, ఆ వేసవిలోనే బీజగణితాన్ని అతివేగంగా చెప్పే తరగతి మొదలుపెట్టారు. 1980లో అది హాస్టల్లో ఉండి చదివే వేసవి కార్యక్రమం అయింది. అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయం, 1982లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం అలాంటివి పెట్టాయి. ఏడో తరగతి పిల్లవాడి వేసవికి ఇవాళ మనం చూస్తున్న రూపం ఇక్కడి నుంచి వచ్చింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. తెలివైన పిల్లలకు ఊరికే అదనపు విషయాలు చెప్పి కాలం గడిపే పద్ధతి స్టాన్లీకి ఏమాత్రం నచ్చేది కాదు. దాన్లో చాలాభాగం తీరిక లేకుండా ఉంచడానికి ఇచ్చే పనేనని ఆయన రాశారు. ఆయన కోరింది పిల్లవాడి స్థాయిని బట్టి పాఠాన్ని ముందుకు నడపడం. అది న్యాయమైన కోరికే, దానితో నాకు తగాదా లేదు. ఆయన వేసిన బాటలో తర్వాత వచ్చిన ప్రైవేటు శిబిరాలు, కోచింగ్ కేంద్రాలు మాత్రం ఆయన కాదన్నదాన్నే ముద్దుపేరు పెట్టి అమ్మాయి. పేద పిల్లల సెలవుల బడిలోని బొమ్మలు, నాటకం, అడవి షికారు ఇప్పుడు వేల డాలర్ల ఫీజుతో ఈ రెండో పాయలోకి వచ్చి చేరాయి.

పరిశోధకులు కూడా ఈ చీలికకు, తమకు తెలియకుండానే, బలం ఇచ్చారు. సమాజశాస్త్రవేత్త బార్బరా హైన్స్ అట్లాంటాలో దాదాపు మూడు వేల మంది ఆరు, ఏడు తరగతుల పిల్లలను పరిశీలించి 1978లో పుస్తకం ప్రచురించారు. బడి నడిచే నెలల్లో పేద, ధనిక పిల్లలు దాదాపు ఒకే తీరున నేర్చుకుంటున్నారని, తేడా వేసవిలో పెరుగుతోందని ఆమె చూపారు. బాల్టిమోర్‌లో 1982 నుంచి పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన డోరిస్ ఎంట్విజిల్, కార్ల్ అలెగ్జాండర్ దీనికి కుళాయి పోలిక చెప్పారు: బడి ఉన్నంతకాలం నీళ్లు అందరికీ వస్తాయి, వేసవిలో కట్టేస్తే సొంత బావి ఉన్నవాడికే దొరుకుతాయి. హారిస్ కూపర్ బృందం 1996లో అప్పటి దాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, పిల్లలు వేసవిలో సగటున ఒక నెల చదువు కోల్పోతున్నారని తేల్చింది. ‘వేసవి నష్టం’ అన్న మాట అక్కడి నుంచి పత్రికలకెక్కింది, అడ్వర్టైజ్‌మెంట్లకూ ఎక్కింది. ఈ మధ్య పాల్ వాన్ హిపెల్ వంటివారు ఆ పాత పరీక్షల కొలతల్లోనే లోపం ఉందని, కొత్త పరీక్షలతో చూస్తే నష్టం అంత స్పష్టంగా కనబడదని వాదిస్తున్నారు. నష్టం ఎంత అన్నది తేలకపోయినా నా వాదనకు ఇబ్బంది లేదు. హైన్స్ పుస్తకంలో ఎవరూ పట్టించుకోని ఇంకో ఫలితం ఉంది. ఆ అట్లాంటా పిల్లల వేసవి ఎదుగుదలకు ముడిపడి కనిపించింది వాళ్లు చదివిన కథల పుస్తకాలు, గ్రంథాలయానికి వెళ్లడం. వేసవి బడికి వెళ్లడం వల్ల వచ్చిన తేడా చాలా తక్కువ. లోటును కనిపెట్టిన పుస్తకమే, రుద్దుడు బడి ఆ లోటును పూడ్చలేదని కూడా చెప్పింది. అందరూ మొదటి సగమే చదివినట్టున్నారు.

మళ్లీ షికాగోకు వద్దాం. మొదటి సెలవుల బడి తెరిచిన సరిగ్గా నూరేళ్లకు, 1996లో, ఆ నగరం పరీక్ష తప్పినవాళ్లను పై తరగతికి పంపడం ఆపేసింది. ఎనిమిదో తరగతితో మొదలై, తర్వాత మూడు, ఆరు తరగతులకూ వర్తించిన ఆ విధానంలో గీటురాయి ఒకే ఒక పరీక్ష. అది దాటనివాడు వేసవి వంతెన అనే కార్యక్రమానికి వెళ్లి తీరాలి. ఆరో తరగతివాళ్లకు ఆరు వారాలు, రోజుకు మూడు గంటలు. ఎనిమిదో తరగతివాళ్లకు ఏడు వారాలు, రోజుకు నాలుగు గంటలు. ఏ రోజు ఏ పాఠం ఎలా చెప్పాలో కేంద్ర కార్యాలయం రాసి పంపేది. చివర అదే పరీక్ష. తప్పితే అదే తరగతి. అధ్యక్షుడు క్లింటన్ ఈ విధానాన్ని ప్రసంగాల్లో మెచ్చుకున్నారు. న్యాయంగా మాట్లాడాలంటే ఇందులో మంచీ ఉంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు మెలిసా రోడెరిక్ బృందం పరిశీలనలో ఆ ఆరేడు వారాల్లో మార్కులు బాగానే పెరిగాయి. చిన్న తరగతుల్లో పంతులు తమను పట్టించుకున్నారని చాలామంది పిల్లలు చెప్పారు. అయితే మరుసటి ఏడాది మామూలు బడిలో వాళ్లు నేర్చుకునే వేగం మారలేదు. ఇద్దరు ఆర్థికవేత్తలు, బ్రయన్ జేకబ్, లార్స్ లెఫ్గ్రెన్, 2004లో ప్రచురించిన అధ్యయనంలో మూడో తరగతివాళ్లకు కొంత మేలు కనిపించింది గానీ ఆరో తరగతివాళ్లకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. పదకొండు, పన్నెండేళ్ల వయసు అలాంటిది. ఎనిమిదేళ్ల పిల్లవాడు చెప్పినట్టు కూర్చుంటాడు. పన్నెండేళ్లవాడికి తనను ఎందుకు కూర్చోబెట్టారో తెలుసు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. భిన్నాలు రాని పిల్లవాడికి బొమ్మలు వేయిస్తే భిన్నాలు వస్తాయా? రావు. పాత సెలవుల బళ్లను ఉన్నవున్నట్టు తెచ్చి పెడితే చాలునని నేననడం లేదు. కూపర్ బృందమే 2000లో వేసవి బళ్ల మూల్యాంకనాలు తొంభైకి పైగా కలిపి చూసి, వెనకబడ్డవారికి పెట్టేవి కూడా కొంత పనిచేస్తాయనే చెప్పింది. మధ్యతరగతి పిల్లలకే మేలు ఎక్కువ జరిగిందన్న చేదు నిజం కూడా అందులోనే ఉంది. కానీ పాఠం చెప్పాలంటే ముందు పిల్లవాడు రావాలి. బోస్టన్, డాలస్, పిట్స్‌బర్గ్‌తో సహా ఐదు చోట్ల రాండ్ సంస్థ 2013 నుంచి చేసిన అధ్యయనంలో చదువుతో పాటు ఆటపాటలు కలిపి పెట్టిన కార్యక్రమాలనే పరీక్షించారు. అవి ప్రాథమిక తరగతులవి. ఇరవై రోజులు, అంతకుమించి వచ్చినవారికి గణితంలో మేలు కనిపించింది. పేరు నమోదు చేసుకుని రానివాళ్ల సంఖ్య మాత్రం పెద్ద తలనొప్పిగా మిగిలింది. షికారు, నాటకం, కొయ్యపని చదువుకు అదనం అనుకోవడమే పొరపాటు. సేడీ అమెరికన్ బళ్లు పిల్లలను గుమ్మం దగ్గరి నుంచి తిప్పి పంపవలసి వచ్చింది వాటి వల్లే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ రెండో పాయ బాగా పరిచయం. భారతీయ అమెరికన్లు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ 1993 నుంచి స్పెల్లింగ్ పోటీలు నడుపుతూ, ఆ డబ్బుతో మన దేశంలోని పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తోంది. అక్కడి పిల్లవాడి పోటీ ఇక్కడి పిల్లవాడి ఫీజు కట్టడం మంచి ఏర్పాటే. కానీ ఇక్కడి పేద పిల్లవాడికి అందేది చదువు ఖర్చే, వేసవి కాదు. మన ఊళ్లలో సంపన్నుడి పిల్లల సమ్మర్ క్యాంపులో ఈత, చదరంగం, చిత్రలేఖనం ఉంటాయి. మధ్యతరగతి ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫౌండేషన్ ఉంటుంది. సెలవుల్లో తరగతులు నడపవద్దని విద్యాశాఖ ఏటా హెచ్చరిస్తూనే ఉంటుంది. అయితే మన చరిత్రలోనూ ఎదురు సాక్ష్యం ఉంది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట నెలకొన్న ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో శాంతా సిన్హా నాయకత్వంలో రంగారెడ్డి జిల్లాలో పాలేర్లుగా, కూలీలుగా ఉన్న పిల్లలను బడికి తేవడానికి శిబిరాలు పెట్టింది. 1990ల చివర ప్రభుత్వం కూడా సెలవుల్లో ఖాళీగా ఉండే సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో అలాంటివి నడిపింది. బడి ముఖం చూడని పదేళ్ల పిల్లవాడికి అక్కడ మొదట ఎదురైనవి పాట, కథ, ఆట, కబుర్లు. అక్షరాలు వాటి వెంట వచ్చాయి. కొద్ది నెలల్లో ఆ పిల్లలు వయసుకు తగ్గ తరగతిలో చేరగలిగారు. మిసిసిపీలో రుజువైనదే రంగారెడ్డిలోనూ రుజువైంది.

కాబట్టి తప్పిన పిల్లలకు రుద్దుడు, నెగ్గిన పిల్లలకు విహారం అన్న విభజన విద్యాశాస్త్రం చెప్పింది కాదు. ఖర్చుకు లెక్క చూపవలసిన బోర్డుల అవసరం ఒకవైపు, కొనగలిగిన తల్లిదండ్రుల బజారు ఇంకోవైపు కలిసి దాన్ని తయారుచేశాయి. దాన్ని సరిదిద్దడానికి అమెరికాకు ఇటీవల ఒక అవకాశం వచ్చింది. కోవిడ్ తర్వాత 2021 మార్చిలో చేసిన చట్టం బడులకు 12,200 కోట్ల డాలర్లు కేటాయించి, అందులో కనీసం ఒక శాతాన్ని ప్రతి రాష్ట్రం వేసవి వికాస కార్యక్రమాలకే ఖర్చు పెట్టాలని విడిగా రాసింది. చదువులో వెనకబడ్డవారి కోసం ఇంకో ఐదు శాతం వేరే పద్దులో పెట్టింది. ఒకే పిల్లవాడికి రెండు పద్దులు. ఆ డబ్బును కేటాయించుకోవడానికి ఇచ్చిన గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది.